ఆ నాలుగంకెలు ఎప్పుడు చెప్పాలి?

"మేడమ్, మీ పార్సిల్ వచ్చింది. కింద వాచ్‌మన్‌కి ఇచ్చేస్తా, ఓటీపీ చెప్పండి." ఆఫీసులో ఉండగా ఈ ఫోను రాని అపార్ట్‌మెంటువాసులు తక్కువే. పని తొందరలో చాలామంది చెప్పేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతోంది.

ఓటీపీని కంపెనీ సర్వర్ ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించి, కొన్నవారి ఫోనుకే పంపుతుంది. డెలివరీ బాయ్‌కి అది తెలియదు. మీరు చెప్పిన అంకెలు అతను తన యాప్‌లో కొడితే, సర్వర్ సరిచూసుకుని 'అందింది' అని నమోదు చేస్తుంది. నాలుగంకెల సంఖ్యలు 0000 నుంచి 9999 దాకా 10,000 ఉంటాయి. మూడు ప్రయత్నాలే ఇస్తే, ఊహించి కొట్టినవాడికి తగిలే అవకాశం 10,000లో 3. లెక్క గట్టిదే. కానీ పార్సిల్ మీ చేతిలో ఉందో, గేటు పక్క కుర్చీ మీద ఉందో సర్వర్‌కి తెలిసే దారి లేదు. అంకెలు చెప్పడమంటే రసీదు మీద సంతకం పెట్టడమే. ఆ తర్వాత పెట్టె మాయమైతే, కంపెనీ లెక్కలో అది మీకు ముట్టినట్టే.

పార్సిల్ లాకర్‌లో వరస మారుతుంది. ముందు పెట్టె అరలోకి వెళ్లి తలుపు పడుతుంది. ఆ ఒక్క అరనే తెరిచే కోడ్ ఆ తర్వాత మీకొస్తుంది. అంటే సరుకు తీసుకునేటప్పుడే అంకెలు వాడతారు. ఒకసారి తెరిచాక ఆ కోడ్ చెల్లదు, తెరిచిన వేళ కూడా నమోదై ఉంటుంది. జర్మనీ తపాలా సంస్థ 2001లో 'ప్యాక్‌స్టేషన్' పేరుతో ఇలాంటివి మొదలుపెట్టింది. ఇప్పుడవి ఆ దేశంలో 10,000 దాటాయి.

మన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లన్నీ లాకర్లు కొనలేవు. అలాగని భారమంతా వాచ్‌మన్ మీద వేయడం న్యాయం కాదు. మోటారు వేయాలి, కార్లు తుడవాలి, వచ్చేపోయేవాళ్లను చూడాలి. ఇన్నిటి మధ్య ఒక పెట్టె పోతే, తప్పు లేకపోయినా నింద మోసేది ఆయనే. అసోసియేషన్ తాళమున్న బీరువా ఒకటి, రిజిస్టరు ఒకటి ఏర్పాటు చేస్తే చాలు. ఫ్లాటు నంబరు, వచ్చిన వేళ, తీసుకున్నవారి సంతకం అందులో ఉండాలి. డెలివరీ బాయ్ ఫోన్ చేస్తే, ముందు వాచ్‌మన్‌కి ఇమ్మనండి. పెట్టె ఆయన చేతికొచ్చిందా, సీలు సరిగా ఉందా అని అడిగాకే అంకెలు చెప్పండి.

ఏమీ ఆర్డరు చేయకుండానే "పార్సిల్ రద్దుకు ఓటీపీ చెప్పండి" అంటే మాత్రం అసలే చెప్పకండి. ఆ మెసేజ్ పూర్తిగా చదవండి, బ్యాంకు పేరు కనిపించవచ్చు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.