బిడ్డ నేరం – కన్నవారి బాధ్యత

బిడ్డ హంతకుడైతే కన్నవారు దోషులా? దీనికి రెండు తేలిక జవాబులున్నాయి. ‘పెంపకం లోపం’ అన్నది ఒకటి, ‘వాడి పుట్టుకే అంత’ అన్నది మరొకటి. రెండూ వాస్తవ పరిస్థితులను చూడనివ్వవు.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో 2021 నవంబరు 30న 15 ఏళ్ల విద్యార్థి కాల్పులు జరిపి నలుగురు తోటి విద్యార్థులను చంపాడు. ఆ పిస్తోలును నాలుగు రోజుల ముందు తండ్రే కొన్నాడు. ఆ ఉదయం కొడుకు తుపాకి బొమ్మ గీసి, సాయం కోరుతూ రాసిన కాగితాన్ని బడివాళ్లు తల్లిదండ్రులకు చూపారు. వాళ్లు అతన్ని ఇంటికి తీసుకుపోలేదు. పిస్తోలు సంగతీ చెప్పలేదు. బడివాళ్లూ సంచి వెతకలేదు.

2024లో ఉద్దేశరహిత నరహత్య నేరం కింద తల్లికీ తండ్రికీ 10 నుంచి 15 ఏళ్ల జైలుశిక్ష పడింది. బిడ్డ బడిలో జరిపిన సామూహిక హత్యలకు తల్లిదండ్రులు ఇలా దోషులుగా తేలడం అమెరికాలో అదే మొదలు.

ఈ శిక్ష బిడ్డను కన్నందుకు కాదు. ఎదుటనున్న ప్రమాదాన్ని ఆపగలిగీ ఆపనందుకు. అయితే తుపాకిని పిల్లలకందకుండా తాళం వేసి ఉంచాలన్న చట్టం ఆనాడు మిచిగన్‌లో లేదు. 2024 ఫిబ్రవరిలో గాని అమలుకు రాలేదు. ఇంటి తప్పును చూపి, ఆయుధాన్ని అంగడి సరుకు చేసిన వ్యవస్థను దాచరాదు.

2003 నాటి లయొనెల్ ష్రైవర్ నవల ‘వుయ్ నీడ్ టు టాక్ అబౌట్ కెవిన్’ తల్లి ఉత్తరాల రూపంలో ఆమె మమతను ప్రశ్నించింది. మిచిగన్ కేసు ప్రశ్నించింది మమతను కాదు, చేతను. రచయిత ఆ తల్లిని రాక్షసిగా చిత్రించనక్కరలేదు. కాగితం చూసి, తిరిగి ఉద్యోగానికి వెళ్లిన మామూలు మనిషిగా చూపితే చాలు.