ఒక్కదిక్కే అయిన చెమటకాయలు

గ్రీష్మసంచికకు ముఖచిత్ర కథనముగా చెమటకాయలకును సర్పికిని గల భేదమును వివరింపవలయుననియు, గురువారము సాయంకాలమునకు వ్రాతప్రతి చేతికందవలయుననియు సంపాదకులు ఆజ్ఞాపించిరి. ఇట్టి విషయములకు పట్టణవైద్యుల వాక్యములను ఏర్చి కూర్చుట పత్రికలవారి పరిపాటి. పల్లెలో చర్మవ్యాధి మొదట చేరునది వైద్యుని యొద్దకు గాదు, మందుల దుకాణపు గల్లా యొద్దకే. కావున నేను, వికారాబాదు నుండి పర్లీ వైజనాథునకు పోవు రైలుమార్గమున నున్న మర్పల్లిలో, రోళ్లు పగులునని లోకము చెప్పుకొను రోహిణికార్తెలో, అట్టి దుకాణమొకదాని యరుగుపై కూర్చుంటిని.

వచ్చువారిలో పెక్కుమంది కోరునది పౌడరు డబ్బా. మెడచుట్టును, వీపునను, నడుము పట్టీ క్రిందను ఎఱ్ఱగా పొడసూపిన సన్నని పొక్కులను గోకికొనుచునే వారు చిల్లర లెక్కపెట్టుదురు. ఒక వృద్ధురాలు మాత్రము గోకికొనక, కుడిప్రక్క రవికెకు చేయి తగులనీయక, కొంచెము వంగి నిలిచియుండెను.

“ఏమైంది పెద్దమ్మా?”

“శెమటకాయలు బిడ్డా, పౌడర్ ఇయ్యి. గని ఒక్కదిక్కే అయినయి. నాలుగొద్దుల సంది సూదులు పొడిసినట్టుండె, నిన్న పొక్కులు లేసినయి.”

దుకాణదారు తీసిన డబ్బాను మరల అరలో పెట్టి, “గిది సర్పి లెక్కున్నది పెద్దమ్మా. ఇయ్యాల్నే దవాఖానకు పో,” అనెను.

“సర్పా! తల, తోక గలిస్తె సచ్చిపోతరంట గద?”

వైద్యుడు అడుగవలసిన ప్రశ్నలకు ప్రత్యుత్తరములన్నియు ఆమె అడుగకమునుపే చెప్పివేసినది. స్వేదనాళముల ముఖములు మూసికొనిపోయి, వెలికి రావలసిన చెమట చర్మములోననే చిందుటచే పుట్టునవి చెమటకాయలు. కనుక వేడిమి, ఒరపిడి ఎచ్చట నుండునో అచ్చట, రెండు ప్రక్కలను, దురదతోను చిమచిమతోను లేచి, శరీరము చల్లబడిన కొలది దినములకే అణగిపోవును. సర్పి యట్లు కాదు. చిన్ననాట ఆటలమ్మను కలిగించిన వైరస్సు నాడీమూలములందు ఏండ్లకొలది దాగియుండి, వార్ధక్యముననో దౌర్బల్యముననో మేల్కాంచి, ఒక నాడి వెంట చర్మమునకు దిగివచ్చును. అందుచే మొదట నొప్పియు, పిదప పొక్కులును, ఆ పొక్కులు గుంపులుగా ఒక్క ప్రక్కనే వెన్ను నుండి ముందునకు పట్టీవలె వ్యాపించుటయు సంభవించును. రోగనిరోధకశక్తి మిక్కిలి క్షీణించినవారి యందు తప్ప ఆ పట్టీ శరీరమధ్యరేఖను దాటుట అరుదు గనుక, పెద్దమ్మను భయపెట్టిన తలతోకల కలయిక సాధారణముగా సంభవింపదు. భయపడవలసినది వేఱొకటి కలదు: పొక్కులు మానిన పిమ్మట నెలలకొలది నిలిచిపోవు నొప్పి. వైరస్సును అణచు మందును పొక్కులు పొడమిన 72 గంటలలోపల ఆరంభించుట మేలు. నుదుటనో ముక్కు కొననో లేచినచో కంటికే ప్రమాదము.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినవారు పూర్వమెవరేని కలరా యని వెదకగా, వాగ్భటుని అష్టాంగహృదయము ఉత్తరస్థానమున, క్షుద్రరోగములను వివరించు 31వ అధ్యాయమున, నాకు దొరకిన పంక్తులు ఈ కథనమునకు కేటాయించిన స్థలమును చాలవఱకు మ్రింగివేసినవి. చంకకు సమీపమున దట్టముగా లేచు, పేలాలను బోలిన సూక్ష్మపిటికలను కక్ష యనియు, ఎండచేతను చెమటచేతను తడిసిన దేహమున ఆవగింజల రంగును, ఆకృతిని, పరిమాణమును పొంది లేచు పిటికలను రాజిక యనియు అతడు చెప్పెను. రెంటికిని నడుమ గంధనామ యను మఱియొక పిటిక తప్ప వేఱు వ్యవధానము లేదు. కక్షను నేటి సర్పితో పోల్చువారు పలువురు. అది సర్వథా సమానమని ప్రమాణము చేయుటకు నేను సిద్ధముగా లేను. కాని పేలాలకు ఆవాలకు గల తారతమ్యమును వంటయింటి కన్నులతో పట్టుకొన్న యా ఆచార్యుని యెడ నాకు పక్షపాతము కలదని దాచను. ఐనను ఒక చిక్కు కలదు. వాగ్భటుడు నొప్పిని రాజికకు చెప్పి, కక్షకు చెప్పక విడిచెను! సుశ్రుతుడు నిదానస్థానమున కక్షను బాహువునను, ప్రక్కనను, భుజమునను, చంకను వేదనతో కూడి లేచు నల్లని పొక్కుగా వర్ణించి ఆ లోపమును పూరించియున్నాడు. మర్పల్లి పెద్దమ్మ వాక్యమునకు ఇతడే సన్నిహితుడు.

మిగిలిన చరిత్రను గడువు తరుముచుండగా చెప్పవలసివచ్చుచున్నది: 1965లో ఇంగ్లండునందలి సైరెన్‌సెస్టరు పట్టణ వైద్యుడు ఎడ్గర్ హోప్-సింప్సన్ సర్పి ఆటలమ్మ యొక్క పునరుత్థానమేయని తన రోగుల లెక్కలతో వాదించెను, ఆ వైరస్సును అణచు అసైక్లోవిర్ మందునకు మూలమైన పరిశోధనకు గర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ పురస్కారము వచ్చెను, ఆమెతో దానిని పంచుకొన్న జార్జి హిచ్చింగ్స్ హార్వర్డులో శిక్షణ పొందినది మన భీమవరపు యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిన ఫిస్కే ప్రయోగశాలలోనే.

పెదవిపై, తొడసందున

సర్పియు హెర్పీస్ జాతి వైరస్సు పనియే; కాని హెర్పీస్ అను మాట వినగానే యువకులు తలవంచుకొనుట ఆ జాతిలోని మఱియొక రకపు వైరస్సును తలచుకొని. పెదవులపై సాధారణముగా లేచు దాని మొదటి తెగ 50 ఏండ్లలోపు జనులలో సుమారు 380 కోట్లమందికి కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇక సిగ్గు దేనికి? బిగుతు ప్యాంటు క్రింద తొడసందున లేచిన చెమటకాయలను చూచి, చాటుగా నెట్టులో వెదకి, నిద్ర మానుకొనువారు తక్కువ కాదు. అవి చెదరి యుండును, దురద పెట్టును. హెర్పీస్ పొక్కులో, ఒకచోట గుంపుగా లేచి, చిట్లి పుండ్లై, కొన్ని వారములకో నెలలకో తిరిగి ఆ చోటనే చురుక్కుమనిపించి లేచును. సందేహమున్నచో పొక్కు పచ్చిగా నున్నప్పుడే దాని ద్రవమును పరీక్షకు పంపవలయును.

బండల గనులలో

తాండూరు నాపరాతి గనులలో పని యంతయు రాతి సెగ నడుమనే. ఒంటి నిండ చెమటకాయలు కమ్మినవారికి ఆ భాగమున చెమట సరిగా పట్టదు, దేహము చల్లబడదు, వడదెబ్బకు త్రోవ సులభమగును. పౌడరు కంటె నీడయు, వదులైన నూలుబట్టయు, చన్నీటి స్నానమును మేలు. నూనె, చిక్కని క్రీములు నాళములను మరింత మూయును.

పసికందులకు

మెడ మడతలలో సన్నని పొక్కులు లేచి, బిడ్డ పాలు త్రాగుచు ఆడుకొనుచున్నచో పలుచని బట్ట తొడిగిన చాలును. నెల నిండని బిడ్డకు నీటిపొక్కులు లేచి, జ్వరమో మత్తో కలిగినచో, పాలు మానినచో, ఆ పూటయే దవాఖానకు చేర్చవలయును. పెదవిపై పొక్కున్న చుట్టములు పసివారిని ముద్దాడరాదు. దురదకని దుకాణములో చీటీ లేక కొను స్టీరాయిడు కలిసిన ట్యూబులను ఏ పొక్కుపైనను పూయరాదు. హెర్పీస్ పొక్కులు వానితో మరింత ప్రబలును.