సగం వరుసలు, పావు శాలువా

స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లండ్ దీవుల్లో ఆడవాళ్లు రోజువారీగా కప్పుకున్న ఊలు శాలువాకు ‘హ్యాప్’ అని పేరు. 19వ శతాబ్దం నాటి ఆ నమూనాను ఇవాళ తరగతికీ తరగతికీ మధ్య, బస్సులో, హాస్టల్ గదిలో కూర్చుని అల్లే విద్యార్థులున్నారు. సెమిస్టర్ మొదట్లో హుషారుగా పట్టుకుంటారు. కొద్ది రోజులకే సగం వరుసలు పూర్తవుతాయి. ఇంకేముంది, ఇంకా అన్నే రోజులు చాలనుకుంటారు. పరీక్షలు నెత్తిమీదికి వచ్చినా శాలువా సూదుల మీదే ఉంటుంది. బద్ధకాన్ని తిట్టుకునే ముందు త్రిభుజం లెక్క ఒకసారి చూడాలి.

సగం హ్యాప్ అంటే మూడు మూలల శాలువా. దాని నడిమి భాగం ఒకే ఒక్క ఉచ్చుతో మొదలవుతుంది. ప్రతి వరుస మొదట్లో సూదికి దారాన్ని ఒక చుట్టు అదనంగా వేస్తే ఒక ఉచ్చు పెరుగుతుంది. పదో వరుసలో 10 ఉచ్చులు, వందో వరుసలో 100, 200వ వరుసలో 200. నడిమి భాగానికి 200 వరుసలనుకుని, 1 నుంచి 200 దాకా కూడితే 20,100. 1 నుంచి 100 దాకా కూడితే 5,050 మాత్రమే. వరుసల్లో సగం దాటినా పనిలో అయింది పావు వంతు! నిజంగా సగం పని పూర్తయ్యేది 141వ వరుస దగ్గర. ఆఖరి 20 వరుసలే ఈ భాగం పనిలో 19 శాతం మింగేస్తాయి.

నిమిషానికి 20 ఉచ్చులు వేసే చెయ్యి అనుకుందాం. రోజుకు ఒక పావుగంట విరామం దొరుకుతుందనుకుందాం. నడిమి భాగానికి 67 రోజులు పడుతుంది. అందులో మొదటి వంద వరుసలకు 17 రోజులు, తర్వాతి వందకు 50. పదో వరుస అర నిమిషంలో అయిపోతుంది, 200వ దానికి పది నిమిషాలు కావాలి.

ఒక్క దారంతో బట్ట

మగ్గం మీద పడుగూ పేకా అని రెండు వరసల దారాలుంటాయి. అల్లికలో ఉన్నది ఒక్క దారమే. పై ఉచ్చు కింది ఉచ్చులోంచి దూరి నిలబడుతుంది. అల్లిన బట్టను లాగితే సాగేది ప్రధానంగా దారం కాదు, ఉచ్చుల ఆకారం మారుతుంది. అందుకే ఒకే ఊలుతో అల్లినా, ఉచ్చును ముందుకు తీశామా వెనక్కి తీశామా అన్నదాన్ని బట్టి బట్ట బిగువు మారిపోతుంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో ఎలిసబెట్టా మాట్సుమోటో అనే భౌతిక శాస్త్రవేత్త బృందం పరిశోధిస్తున్నది ఈ సంగతినే.

ఉచ్చులన్నీ ఒకే ముఖానికి తిరిగి ఉంటే బట్ట అంచులు చుట్టుకుపోతాయి. హ్యాప్ నడిమి భాగానికి వాడే ‘గార్టర్’ అల్లికలో ఒక వరుస ఇటు, మరో వరుస అటు తిరిగి ఉంటాయి. రెండు వైపుల లాగుడూ సరిపోయి బట్ట చదునుగా పరుచుకుంటుంది. ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. గార్టర్‌లో రెండు వరుసలు కలిసి ఒక గట్టులా కనిపిస్తాయి. ఆ గట్టు ఎత్తు దాదాపు ఒక ఉచ్చు వెడల్పంత. రెండు వరుసల్లో వెడల్పు రెండు ఉచ్చులు పెరుగుతుంది, ఎత్తు ఒక ఉచ్చంత పెరుగుతుంది. కాబట్టి మొదలుపెట్టిన మూల కొలబద్ద పట్టకుండానే 90 డిగ్రీలకు వస్తుంది.

మన నరసాపురం లేసు ఒంటి కొక్కెంతో చేసే క్రోషియా పని. అక్కడ కొక్కెం మీద ఒకేసారి తెరిచి ఉండేవి కొద్ది ఉచ్చులే. సూదుల అల్లికలో వరుస మొత్తం సూది మీద తెరిచే ఉంటుంది. ఒక ఉచ్చు జారితే దాని కిందివి ఒకదాని వెంట ఒకటి విడిపోతూ నిచ్చెనలా కిందికి దిగుతాయి. సంచిలో పుస్తకాలతో పాటు శాలువాను కుక్కేవాళ్లకు ఇదే పెద్ద గండం. దీనికి మందు చవకే. అన్ని ఉచ్చుల్లోంచీ ఒక సన్నని నూలు దారం గుచ్చి వదిలేస్తే, ఎంత విడిపోయినా ఆ వరుస దగ్గర ఆగుతుంది.

నడుస్తూ అల్లిన చేతులు

పనుల మధ్య అల్లడం షెట్లండ్‌లో పాత అలవాటే. వంటచెరకుగా వాడే పీట్ మట్టిని బుట్టల్లో వీపున మోస్తూ, దారిలో నడుస్తూ ఆడవాళ్లు అల్లేవారు. నడుముకు గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు పట్టీ కట్టుకుని, దాని చిల్లుల్లో ఒక సూది మొన గుచ్చేవారు. సూది కదలకుండా ఉంటే దాన్ని పట్టుకునే చేతికి దారం నడిపే వీలు చిక్కుతుంది. అది వాళ్లకు కాలక్షేపం కాదు, బతుకుతెరువు. వ్యాపారులు చాలాసార్లు డబ్బుకు బదులు సరుకులిచ్చేవారు. ఆ పద్ధతిపై బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 1872లో నివేదిక ఇచ్చింది.

నడుస్తూ అల్లగలగడానికి కారణం మెదడులో ఉంది. ఒకే కదలికను చాలాసార్లు చేస్తే అది చేతికి అలవాటై, ప్రతిసారీ ఆలోచించే అవసరం తగ్గుతుంది. గార్టర్ అలాంటిది. అల్లుతూ పాఠం రికార్డింగ్ వినొచ్చు. శాలువా అంచుకు వేసే ‘ఓల్డ్ షేల్’ నమూనా దగ్గర ఆ పప్పులుడకవు. అందులో 18 ఉచ్చులు ఒక జట్టు. రెండేసి ఉచ్చులను కలిపి ఒకటిగా అల్లడం మూడుసార్లు. తర్వాత దారం ఒక చుట్టు, మామూలు ఉచ్చు ఒకటి, ఇలా ఆరుసార్లు. మళ్లీ రెండేసి కలపడం మూడుసార్లు. తగ్గినవి 6, పెరిగినవి 6, మొత్తం మళ్లీ 18. పెరిగిన చోట బట్ట విసనకర్రలా విచ్చుకుంటుంది, తగ్గిన చోట ముడుచుకుంటుంది. ఆ తేడాకే అంచంతా అలలు లేస్తాయి. మనసులో అంకెలు లెక్కపెట్టడానికీ, విన్న మాటను పట్టి ఉంచుకోవడానికీ మెదడు ఒకే తాత్కాలిక జ్ఞాపకాన్ని వాడుకుంటుంది. కాబట్టి లెక్కయినా తప్పుతుంది, పాఠమైనా జారుతుంది.

తడిస్తేనే తీరు

సూదుల మీంచి దిగిన శాలువా ముడతలుపడి, చిన్నదిగా, చూడటానికి నిరాశగానే ఉంటుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెల్లగా పిండి, చెక్క చట్రానికి లాగి కట్టి ఆరబెడతారు. ఊలు కూడా మన జుట్టులాగే కెరటిన్ అనే ప్రోటీన్. అందులోని హైడ్రోజన్ బంధాలు తడికి వీడతాయి, ఆరేటప్పుడు కొత్త ఆకారంలో మళ్లీ కుదురుతాయి. అప్పుడు చిల్లులు తెరుచుకుని అలలు స్పష్టంగా తేలతాయి. గంధకపు బంధాలు మాత్రం నీటికి లొంగవు. అందుకే ఉతికిన ప్రతిసారీ మళ్లీ లాగి కట్టాలి. యాక్రిలిక్ దారం నీటిని సరిగా పీల్చుకోదు కనుక ఈ కిటుకు దానిమీద పారదు.

సెమిస్టర్‌లో శాలువా పూర్తిచేయాలనుకుంటే వరుసలను కాక ఉచ్చులను కూడి తేదీలు వేసుకోవాలి. మొదటి వంద వరుసలను విరామాల్లో లాగించొచ్చు. 141వ వరుస వచ్చేసరికి పరీక్షలకు కనీసం రెండు నెలలైనా మిగిలి ఉండాలి, ఎందుకంటే నడిమి భాగంలో సగమూ, అంచు మొత్తమూ ఇంకా బాకీనే. ఆ గడువు దాటిపోతే నూలు దారం గుచ్చి, సూదులు పక్కనపెట్టి, పుస్తకం తీయడమే మేలు. అంచునూ తడి పనినీ సెలవులకు వదిలేయొచ్చు.