పావ్లోవ్ కుక్క ఉంది సరే, పాఠంలో కులం ఏది?

కుప్పం, పుంగనూరు, మదనపల్లెల్లో బీఈడీ, డీఈడీ చదివేవాళ్లకూ డీఎస్సీకి తయారయ్యేవాళ్లకూ మనస్తత్వశాస్త్రం అనగానే గుర్తొచ్చేవి నాలుగు జంతువులు: పావ్లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. నిబంధన, యత్నదోష అభ్యసనం, అంతర్దృష్టి అంటూ బిట్లు బట్టీ పడతారు. ఇవి అక్కర్లేదని కాదు. కానీ రేపు ఆ టీచరు ముందు కూర్చునే పిల్లలకు కులం ఉంటుంది. దాని గురించి చదవాల్సిన ప్రయోగాలు ఏవి?

మొదటిది మన దేశంలోనే జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతులు చదివే 321 మంది దళిత, 321 మంది అగ్రకుల బాలురకు కాగితం మీద దారి వెతికే చిక్కుముడులు ఇచ్చారు. కులం ఎత్తకుండా ఆడించినప్పుడు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివి ఆడించినప్పుడు దళిత పిల్లల ఫలితం బాగా పడిపోయింది. ఈ పరిశోధన 2006లో అచ్చయింది. తెలివి తగ్గలేదు, ఆ గదిలో పరిస్థితి మారింది. 'ప్రతిభ లేదు' అనే మాటకు ఇంతకన్నా సూటి జవాబు అరుదు.

రెండోది అమెరికాది. నల్లజాతి శాస్త్రవేత్తలు కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ 253 మంది నల్లజాతి చిన్నారుల ముందు తెల్ల బొమ్మలూ గోధుమరంగు బొమ్మలూ పెట్టారు. సుమారు మూడింట రెండొంతుల మంది ఆడుకోవడానికి తెల్ల బొమ్మనే కోరారు. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పు క్లార్క్ పరిశోధనను ఉదహరించింది.

మూడోది ప్రయోగం కాదు, వ్యాసం. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ చదివిన 'భారతదేశంలో కులాలు'. పైవారిని కిందివారు అనుకరించడం వల్ల కులం ఎలా పాకిందో వివరిస్తూ ఆయన ఫ్రెంచ్ ఆలోచనాపరుడు గాబ్రియేల్ టార్డ్ అనుకరణ సూత్రాలను వాడుకున్నారు. అది సామాజిక మనస్తత్వశాస్త్రమే. ఆ పేపర్లో దానికి చోటు ఉండాలి.

ఏది ఎంచుకున్నా మూడు ప్రశ్నలు వేయాలి. ఎవరి మీద చేశారు? ఎవరు చేశారు? మళ్లీ చేస్తే అదే ఫలితం వచ్చిందా? మూడోది మనకు నచ్చిన పరిశోధనలకూ వర్తిస్తుంది. నల్లజాతి విద్యార్థుల మీద ముద్ర భయం ఎలా పనిచేస్తుందో చెప్పిన స్టీల్, ఆరన్సన్ 1995 ప్రయోగం మీద తర్వాతి పరీక్షలు గట్టి సందేహాలు లేవనెత్తాయి. 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగంలో కాపలావాళ్లకు ముందే కఠినంగా ఉండమని సూచనలు అందాయన్న విమర్శ ఉంది. అందుకే మూల పరిశోధనతో పాటు దాని మీద వచ్చిన విమర్శనూ చదివించాలి. బలహీనమైన ఆధారం మీద నిలబెట్టిన వాదన మనకే ఎదురు తిరుగుతుంది.

సిలబస్ మారేదాకా ఆగనక్కర్లేదు. హాస్టల్ గదిలో నలుగురు కూర్చుని వారానికో పరిశోధన తెలుగులో చెప్పుకోవచ్చు. ఆ చిక్కుముడుల ప్రయోగం చదివిన టీచరు స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు తరగతి అందరి ముందూ పిల్లవాణ్ణి నిలబెట్టి కులం అడగరు. పక్కకు పిలిచి అడుగుతారు. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ మారితే బడిలో మారేది అది.