కంచెకు లోపలా, బయటా ఒకే చదువు

పారిశ్రామిక పట్టణాల్లో వీధుల వెంట 'ఫైర్ అండ్ సేఫ్టీ' బోర్డులు కనబడుతుంటాయి. కొద్ది నెలల కోర్సు, ఆ వెంటనే గల్ఫ్‌లో ఉద్యోగం అని రాసి ఉంటుంది. ఇంటర్ పూర్తయిన పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఈ చదువు ఆ బోర్డుల ద్వారానే తెలుసు. అందుకే మంటలార్పే సిలిండరు వాడటం, హెల్మెట్ పెట్టుకోమని హెచ్చరించడం, ఇంతే దీని సారమనుకుంటారు. ఇదే విషయం మీద విశ్వవిద్యాలయాల్లో నాలుగేళ్ల బీటెక్, రెండేళ్ల ఎంటెక్ ఉన్నాయి. రసాయనశాస్త్రం, విషపదార్థాల శాస్త్రం, యంత్రాల రూపకల్పన, చట్టం అన్నీ అందులో కలిసి వస్తాయి. ఎందుకు కలవాలో మన కళ్లెదుట జరిగిన ఒక ఘోరాన్ని పట్టుకుని చూద్దాం.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్‌తో ఆగిన ఫ్యాక్టరీని మళ్లీ నడపబోతున్న రోజులవి.

స్టైరీన్ ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. వదిలేస్తే దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అలా అతుక్కునేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి అతుక్కోవడాన్ని ఇంకా తొందర చేస్తుంది. కాబట్టి దాన్ని చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా టీబీసీ అనే రసాయనం తగినంత కలపాలి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ అదే ఏడాది జులైలో ఇచ్చిన నివేదిక చదివితే గుండె బరువెక్కుతుంది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగునే ఉంది. పై పొరలు మరుగుతున్నా కింద చల్లగానే చూపింది. 2019 డిసెంబరులో పైపుల అమరిక మార్చారు, దాంతో లోపలి ద్రవం సరిగా కలవలేదు. చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం 5 గంటలకు ఆపేసేవారు. ద్రవంలో పాలిమర్ శాతం పెరుగుతుంటే సరుకు నాణ్యత తగ్గుతోందని చూశారు గానీ, ప్రమాదం ముంచుకొస్తోందని చూడలేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఎవరూ మోగించలేదు.

ఈ వైఫల్యాల్లో ప్రతిదానికీ ఈ చదువులో ఒక పాఠం ఉంది. కొలత ఎక్కడ తీయాలి, ఒక్క పరికరాన్నే నమ్మితే ఏమవుతుంది అన్నది ప్రక్రియా భద్రత. పైపు మార్చేముందు ఆ మార్పు ఎక్కడెక్కడ ప్రభావం చూపుతుందో కూర్చుని రాసి, తగిన నిపుణుడి ఆమోదం తీసుకోవడం మార్పుల నిర్వహణ. ప్రపంచం ఆ పాఠాన్ని 1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో నేర్చుకుంది. అక్కడ తాత్కాలికంగా అమర్చిన పైపు తెగి పేలుడు జరిగింది, 28 మంది పోయారు. ఆ ప్రమాదాన్ని దాదాపు ప్రతి ప్రక్రియా భద్రతా కోర్సులోనూ చెబుతారు. అయినా 45 ఏళ్ల తర్వాత విశాఖలో పైపులు మార్చినప్పుడు ఆ ప్రశ్నలు అడగాల్సినట్టు అడగలేదు.

ఇప్పటిదాకా చెప్పింది కంచె లోపలి భద్రత. ఇక రెండో సగం, కంచె బయటి పర్యావరణం. కేంద్ర పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీయే 2019లో ఇచ్చిన అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఇది కాగితం కొరత మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ అనుమతి ఇచ్చేముందు ఎంత రసాయనం నిల్వ చేస్తారు, ట్యాంకుకు ఎంత దూరంలో జనం ఉన్నారు, లీకైతే గాలి ఎటు తీసుకుపోతుంది అని అడగాలి. ఆ ప్రశ్నలకు జవాబులు రాయాల్సి వస్తే కొన్ని ట్యాంకులు ఉన్నచోట ఉండవు. ప్రభుత్వంలో కార్మికుడి భద్రతను ఫ్యాక్టరీల శాఖ చూస్తుంది, ఊరి గాలీ నీరూ కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. ఆవిరికి ఆ విభజన తెలియదు. ఈ రెండింటినీ ఒకే తలలో పెట్టుకున్న మనిషి ప్రతి కర్మాగారంలో ఉండాలి. ఈ కోర్సు తయారుచేయాల్సింది ఆ మనిషినే.

చట్టాలు కూడా ఒకే రాత్రి నుంచి పుట్టాయి. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు లీకైన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేర్చారు. లోపల వాడే రసాయనాల ప్రమాదాన్ని కార్మికులకే కాక చుట్టుపక్కల ప్రజలకూ తెలియజేయాలని అందులో రాశారు. ఎన్ని ఊళ్లకు అలా తెలియజేశారో మీ ఊరి పక్కన ఫ్యాక్టరీ ఉంటే మీకే తెలుసు.

అనుమతుల పాలన అంటే తేదీల జాబితా కాదు, అయితే తేదీలు రావాలి. స్థాపనకు సీఎఫ్‌ఈ, నడపడానికి సీఎఫ్‌ఓ, ఏటా సెప్టెంబరు 30లోపు ఇచ్చే పర్యావరణ నివేదిక, ప్రమాదకర వ్యర్థాల లెక్క, ఇవన్నీ విద్యార్థి నేర్చుకుంటాడు. అసలు నేర్చుకోవాల్సింది ఆ కాగితం మీదున్న అంకెను తీసుకెళ్లి మీటరు ముందు నిలబడి సరిపోల్చడం. చాలా కాలేజీలు సెక్షన్ల నంబర్లు బట్టీ పట్టించి వదిలేస్తున్నాయి. అలా చదివినవాడు మంచి ఫైళ్లు తయారుచేస్తాడు, అంతకుమించి చేయలేడు.

పేలుళ్లు పత్రికల్లోకి వస్తాయి. ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి పేరుకునే సిలికా దుమ్ము, నూలుమిల్లు దూది నుసి, మెల్లగా పోయే వినికిడి రావు. వాటి సంగతి చూసేది వృత్తి ఆరోగ్యం. కార్మికుడి నడుముకు చిన్న గాలి పంపు కట్టి, దాని గొట్టం కొసను కాలరుకు తగిలించి, షిఫ్టు అంతా అతను పీల్చిందేమిటో కొలవడం నేర్పుతారు. ఎనిమిది గంటల షిఫ్టుకు స్టైరీన్ సగటు పరిమితి పది లక్షల వంతుల్లో 50 వంతులని, శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదని మన ఫ్యాక్టరీల నిబంధనలు పెట్టాయి. కొలిచాక ఏం చేయాలో ఒక వరుస ఉంది: ప్రమాదకరమైన పదార్థాన్ని అసలు వాడకుండా చూడటం, కుదరకపోతే మరోదాన్ని వాడటం, ఆ తర్వాత యంత్రానికి మూత, గాలి లాగే గొట్టం, ఆపైన పని పద్ధతులు, చిట్టచివర మాస్కు. మన దగ్గర చాలాచోట్ల మాస్కుతో మొదలై అక్కడే ఆగిపోతుంది.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల తయారీలో వాడే సెల్యులోజ్ పొడి చేసే కర్మాగారం పేలి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది బతుకుతెరువు కోసం ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అలాంటివాళ్లకు ప్రమాదం గురించి చెప్పాలంటే వాళ్ల భాష రావాలి. సేఫ్టీ ఆఫీసరుకు ఉండాల్సిన అర్హతల్లో, డిగ్రీ, అనుభవంతో పాటు కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష తెలిసి ఉండాలని చాలా రాష్ట్రాల నిబంధనలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఇవాళ తెలంగాణ, ఆంధ్ర పారిశ్రామికవాడల్లో దాని అర్థం తెలుగుతో పాటు ఒడియానో హిందీనో. ఏ కాలేజీ అయినా ఆ పాఠాన్ని సిలబస్‌లో పెడితే నేను మెచ్చుకుంటాను.

ఎక్కడ చదవాలంటే, కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది. ఇంజినీరింగ్ అయినవాళ్లకు తిరుచిరాపల్లి నిట్‌లో ఇండస్ట్రియల్ సేఫ్టీ ఎంటెక్ ఉంది. ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలోని ప్రాంతీయ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఏడాది డిప్లొమా నడుపుతాయి. బ్రిటన్ నుంచి వచ్చే నెబోష్ సర్టిఫికెట్ గల్ఫ్‌లో పనికొస్తుంది గానీ, మన చట్టం అడిగే అర్హతకు అది ప్రత్యామ్నాయం కాదు. ఉద్యోగాలు పెరిగే వీలూ ఉంది. సాధారణ కర్మాగారంలో 1,000 మంది ఉంటేనే సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరిగా ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ దాన్ని 500కు తగ్గించింది, ప్రమాదకర ప్రక్రియలుంటే 250గా పెట్టింది.

చేరేముందు కాలేజీవాళ్లను రెండు విషయాలు అడగండి. గాలినీ శబ్దాన్నీ విద్యార్థులు తమ చేతులతో కొలిచే ప్రయోగశాల ఉందా? నడుస్తున్న కర్మాగారంలో కనీసం కొన్ని నెలలు పనిచేయిస్తారా? లేదంటే ఫీజు ఎంత తక్కువైనా చేరకండి.