చదివింపుల పుస్తకమే అసలు ఆల్బం

అమ్మానాన్నల పెళ్లిరోజుకు జ్ఞాపకాల పుస్తకం చేసి ఇవ్వడం ఎలా అన్నది ఈ వారం ఎడిటర్ అప్పగించిన అంశం. రంగు కాగితాలు, మెరుపు స్టిక్కర్లు, రిబ్బన్లతో మొదలుపెట్టమంటుంది బజారు. నా అనుమానమంతా అక్కడే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు చాలా ఇళ్ల బీరువాల్లో అంతకంటే మంచి సరుకు ముందే ఉంది: పెళ్లిలో రాసిన చదివింపుల పుస్తకం.

పందిట్లో ఓ పక్కన బల్ల వేసుకుని, లెక్క తెలిసిన చుట్టమొకరు కూర్చుని రాసేది అది. పేరు, ఊరు, రూపాయలు. నూటపదహార్లు, ఐదువందల పదహార్లు, నడుమ ఒక ఇత్తడి బిందె, ఒక చీర. వాళ్లింట్లో శుభకార్యమైతే తిరిగి ఎంత పెట్టాలో చూసుకోవాలి గనుక దాన్ని తేలిగ్గా పారేయరు. జ్ఞాపకం కోసం రాసింది కాదు కాబట్టే అందులో నటన లేదు. ఆల్బంలో స్టేజీ ఎక్కినవాళ్లే ఉంటారు. చదివించి, రెండు ముద్దలు తిని ఆఖరి బస్సుకు పరుగెత్తినవాళ్లు ఇందులో దొరుకుతారు. ఊళ్ల పేర్లు వరసగా చదివితే ఆ ఇంటి చుట్టరికాలన్నీ బయటపడతాయి. కోదాడ ఇంటి పుస్తకంలో జగ్గయ్యపేట కనిపిస్తే వింతేం కాదు. మధ్యలో ఇప్పటి రాష్ట్ర సరిహద్దు 2014లో వచ్చింది, వియ్యాలు అంతకు చాలా ముందువి. ఈ పుస్తకానికో పెద్ద లోటూ ఉంది. పడేది ఎక్కువగా ఇంటి యజమాని పేరే. పెళ్లికూతుర్ని చేసిన మేనత్తలు, రాత్రంతా కూరలు తరిగిన వదినలు ఇందులో ఉండరు. వాళ్ల పేజీలను ఫొటోలతోనే నింపాలి.

జ్ఞాపకాల పుస్తకాల చరిత్ర నాలుగు ముక్కల్లో: ముందే జిగురు పూసిన స్క్రాప్‌బుక్‌కు మార్క్ ట్వేన్ 1873లో పేటెంటు తీసుకున్నాడు; రాసిన పుస్తకాలు చాలవన్నట్టు ఖాళీ పుస్తకమూ అమ్మాడు. మనకు పదో తరగతి ఆటోగ్రాఫ్ పుస్తకం, పదవీ విరమణ అభినందన సంచిక, స్టూడియోవాళ్ల కరిజ్మా ఆల్బం ఉన్నాయి.

డబ్బుల లెక్క కానుకగా ఇస్తారా అంటారు. న్యాయమైన ప్రశ్నే. చేతిలో లేని రోజుల్లో మేనమామ రాయించిన పదకొండు రూపాయలను ఇప్పుడు పదిమందికీ చూపిస్తే ఆయన్ను చిన్నబుచ్చినట్టే. అంకెల వరస మూసి, పేర్లూ ఊళ్లూ మటుకు కాపీ తీస్తే సరిపోతుంది. ఆ పదకొండు అప్పట్లో ఎన్నిరోజుల కూలో పక్కన రాయగలిగితే మాత్రం దాచక్కర్లేదు. ఫోన్‌లో వేల ఫొటోలుండగా ఇదంతా ఎందుకనేది రెండో మాట. ఫొటోలో ముఖం ఉంటుంది; ఏ వరసో, ఆ ఊరికీ మనకూ రాకపోకలు ఎలా మొదలయ్యాయో ఉండదు. అవి చెప్పగలిగిన పెదనాన్న దగ్గర కూర్చుని ఒక్కో పేరూ అడిగి రాసుకోవాలి. స్టిక్కర్లు అంటించడం ఒక పూట పని. ఇది నెలలు పట్టినా పట్టొచ్చు, ఎందుకంటే పెదనాన్న ఒక పేరు దగ్గర మొదలుపెట్టి ఇంకో ఊరి గొడవలోకి వెళ్లిపోతారు. వెళ్లనివ్వాలి, రాసుకోవాలి.

అతికించే ముందు

అసలు పుస్తకాన్ని చింపొద్దు, జిరాక్స్ చాలు. బస్సులో మిషన్ కొట్టిచ్చే టికెట్టు మీది అక్షరాలు కొన్నాళ్లకు మాసిపోతాయి, దాన్నీ అతికించాలనుకుంటే ముందే కాపీ తీయాలి. సెల్లోటేపు పసుపు మరక మిగులుస్తుంది. లామినేషన్ చేశాక కాగితాన్ని మళ్లీ విడదీయడం కుదరదు. పాత ఫొటో వెనక పెన్నుతో కాక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయండి. చివర్లో పది ఖాళీ పేజీలు వదలండి. వరసలు తప్పు రాశారని అందుకున్నవాళ్లు ఎలాగూ దిద్దుతారు.