సినిమా తీయడమే కథ

డాక్యుమెంటరీ అంటే జరిగినదాన్ని జరిగినట్టు చూపే చిత్రమని మనకు తెలుసు. మరి మాక్యుమెంటరీ అంటే? కల్పించిన కథకు డాక్యుమెంటరీ వేషం వేసి నవ్వించే చిత్రం. పాత్రలు మనవైపు తిరిగి ఇంటర్వ్యూలు ఇస్తాయి, కెమెరా వణుకుతుంది, అంతా నిజమే అనిపిస్తుంది. 1957 ఏప్రిల్ 1న బి.బి.సి. వారు స్విట్జర్లాండ్‌లో స్పగెట్టి అనే సేమ్యాలాంటి తిండి చెట్లకు కాస్తున్నట్టు చూపిస్తే, ఆ చెట్టు ఎలా పెంచాలని అడిగినవారున్నారు! 1984లో రాబ్ రైనర్ 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' చిత్రంలో లేని సంగీత బృందాన్ని ఉన్నట్టే చూపి ఈ పద్ధతికి పేరు తెచ్చారు.

ఇలాంటి హాస్యానికి బాగా కుదిరే కథ సినిమా తీయడమే. తీసేవాడి ఆశ కొండంత, చేతిలో ఉన్నది గోరంత. ఆ తేడాలోనే నవ్వు పుడుతుంది. పైగా పేదరికాన్ని దాచే పని లేదు. బొమ్మ వణికినా కథలో కలిసిపోతుంది. అందుకే పెద్ద సంస్థల అండలేని స్వతంత్ర దర్శకులకు ఇది అనువైన దారి.

తెలుగులో దీనికి దగ్గరగా వచ్చింది 'సినిమా బండి'. అచ్చమైన మాక్యుమెంటరీ కాదు, కథా చిత్రమే. కానీ చూస్తుంటే పక్క ఊళ్ళో జరిగినట్టే ఉంటుంది. ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో వీరబాబు అనే ఆటో డ్రైవర్‌కు, ఎవరో ఆటోలో మరచిపోయిన కెమెరా దొరుకుతుంది. సినిమా తీసి, వచ్చిన డబ్బుతో ఊరిని బాగు చేయాలనుకుంటాడు. పెళ్ళి ఫొటోలు తీసే గణపతి కెమెరామన్. క్షౌరం చేసే మరిడేశ్ హీరో. కూరగాయలు అమ్మే మంగ హీరోయిన్.

మనకు గర్వకారణం మరొకటుంది. నిర్మాతలు రాజ్, డి.కె. ఇద్దరూ మన జిల్లా ప్రాంతంవారే, తిరుపతి ఎస్.వి.యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవారే. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూనే 2003లో 'ఫ్లేవర్స్' తీశారు. మన రేణిగుంటకు ఆ కాలేజీ ఎంత దూరం?

ఇది నిజ జీవితంలోనూ జరిగింది. మహారాష్ట్రలోని మాలేగావ్ మరమగ్గాల ఊరు. అక్కడివారు సొంతంగా సూపర్‌మ్యాన్ సినిమా తీస్తుండగా ఫైజా అహ్మద్ ఖాన్ 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' అనే నిజమైన డాక్యుమెంటరీ తీశారు.

ఈ రెంటిలోనూ నేను గమనించినది ఒకటే. మనం వారి తిప్పలకు నవ్వుతాం గానీ వారిని చూసి నవ్వం. ఈ తేడా నాకు ముఖ్యం. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. పి.జి.కి వేరే జిల్లాకు వెళ్ళిన కొత్తలో 'వస్తా ఉండా' అంటే నా మాటకే నవ్వినవారున్నారు. ఆ నవ్వు తర్వాత నెల రోజులు తరగతిలో నోరు విప్పబుద్ధి కాలేదు. వీరబాబును చూసి నవ్వితే మాత్రం వాడి పక్కన నిలబడాలనిపిస్తుంది.

వార్షికోత్సవానికి స్కిట్లు రాసే తమ్ముళ్ళూ! ఈసారి హాస్టల్లో సినిమా తీయడం మీదే ఒకటి రాయండి. ఫోనే కెమెరా, ట్రంకుపెట్టెలే సెట్టు. కరెంటు పోవడం మీద, అప్పు తెచ్చిన చొక్కా మీద ఎంతైనా నవ్వించండి. ఒకరి యాస మీద, ఒకరి నాన్న చేసే పని మీద మాత్రం వద్దు. స్కిట్ అయ్యాక అందరూ ఒకే వరుసలో కూర్చుని అన్నం తినాలి కదా!